ఘ్రాణేంద్రియము – కామాటిపుర చరిత్ర

పంచేంద్రియములలో ఘ్రాణేంద్రియమును గూర్చి మన శాస్త్రకారులు సూక్ష్మముగా విచారించిరి. న్యాయవైశేషికుల మతమున గంధము పృథివికి మాత్రమే చెందిన గుణము. నీటియందో గాలియందో వాసన తోచినచో, అందు పార్థివాంశము కలియుటచేతనే తోచుచున్నదని వారి సిద్ధాంతము. పదునేడవ శతాబ్దికి చెందిన ఆంధ్రపండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున గంధమును సురభి, అసురభి యని రెండుగా విభజించి, దానిని గ్రహించు ఇంద్రియము నాసికాగ్రమున నుండునని చెప్పెను. ఇంద్రియస్థానము విషయమున నేటి శారీరశాస్త్రము ఆయనతో ఏకీభవింపదు. కాని, వాసన గాలికి సొంతము కాదు, ఏదో ఒక ద్రవ్యము గాలి నెక్కి వచ్చి ముక్కును సోకవలెనను మూలభావము నేటికిని చెల్లుచునే యున్నది.

'వాసన' యను మాటకు మరియొక అర్థమును కలదు. పూర్వానుభవము మనస్సున విడిచిపోయిన సంస్కారమునకును వాసన యనియే పేరు. ఈ రెండర్థములును, నేడు ముంబయి యనబడు బొంబాయి నగరమున నాగ్‌పాడా, కామాటిపుర ప్రాంతములందలి తెలుగువారి చరిత్రకు వర్తించును. పందొమ్మిదవ శతాబ్దిలో దుర్గంధమే రోగమను సిద్ధాంతము ఆ నగరపాలకులను నడిపించెను. ఆ సిద్ధాంతము కూలిపోయి నూరేండ్లు దాటినది. అయినను అది ఒక వాడకు అంటగట్టిన అపఖ్యాతి సంస్కారరూపమున మిగిలిపోయినది. ముక్కు పనిచేయు తీరును, ఆ వాడ చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, దుర్గంధమునకు కారణము నేలయా, మనుష్యులా యను ప్రశ్నకు సమాధానము తేటపడును.

నేల – నీరు – కామాటులు

బొంబాయి పూర్వము ఏడు దీవుల సముదాయము. మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ నున్న గండిగుండ పోటు సమయమున సముద్రజలము లోనికి చొచ్చి పల్లపు నేలలను ముంచుచుండెను. పాయ్‌ధుని యను పేటకు ఆ పేరు, అచట నీట కాళ్లు కడుగుకొని దాటుటవలన వచ్చినదని చెప్పుదురు. గవర్నరు విలియం హార్న్‌బీ కాలమున పూనుకొన్న కట్ట 1784 ప్రాంతమున పూర్తియై ఆ గండిని మూసెను. 1793లో బెలాసిస్ రోడ్డు ఏర్పడినది. ఆ యేటి క్షామమునకు సూరతు విడిచివచ్చిన బీదలకు పని కల్పించి దానిని వేయించిరి. ఈ రెంటి ఫలితముగా రోడ్డునకు దక్షిణమున నున్న పల్లపు నేల క్రమముగా నివాసయోగ్య మయ్యెను.

ఆ నేలమీద స్థిరపడిన వారిలో ముఖ్యులు, పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున నిజాము రాజ్యమునుండి వలసవచ్చిన కామాటులు. వారి మూలముననే ఆ వాడకు కామాటిపుర యను పేరు కలిగెనని 1909–10 నాటి బొంబాయి నగర గెజిటీరు తెలుపుచున్నది. కామాటి యనగా తెలుగున మట్టిపని, కట్టడపుపని చేయు కూలివాడు. అది తొలుత వృత్తికి పేరు. బొంబాయిలో అదియే తెలంగాణమునుండి వచ్చిన పలు కులములవారికి కలిపి చెప్పు ఉమ్మడిపేరయ్యెను. గోతులు పూడ్చుట, రాయి మోయుట, గోడలు లేపుట వారి పనులు. నగరము మెరకయగుటలో వారి తట్టపారలకు గణనీయమైన భాగము గలదు.

సముద్రము వెలుపల నిలిచినను, లోపలి నీరు వెలుపలికి పోవు దారి దొరకలేదు. పోటుమట్టమునకు దిగువ నున్న నేలనుండి మురుగు తనంతట తాను సముద్రమును చేరజాలదు; ఆటు సమయమున మాత్రము కొంత దిగును. వానకాలమున అదియును సాగదు. దీనికి తోడు నగరపు చెత్తతోనే పల్లములను పూడ్చు పద్ధతి చాలకాలము నడచినది. చెత్త కుళ్లుటకు గాలి చాలనప్పుడు, బురదలోని సూక్ష్మజీవులు ఉప్పునీటియందలి సల్ఫేటులను వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువును పుట్టించును. కుళ్లిన గ్రుడ్డు కంపు ఈ వాయువుదే. ఉప్పు కలిసిన నేల, పారని నీరు, పూడ్చిన చెత్త, వెచ్చని వాతావరణము – ఈ నాలుగును కూడినచోట మనుష్యులెవ్వరున్నను కంపు పుట్టకమానదు. కామాటులు ఆ నేలకు రాకమునుపే ఉప్పునీరు అచట నుండెను; చెత్తయు నగరమంతటిది. దుర్గంధమునకు మూలము నేలమట్టమే గాని నివాసుల నడవడి కాదు.

ముక్కు పనిచేయు తీరు

నాసికాకుహరము పైకప్పున, కన్నుల నడుమ ఎత్తున, కొన్ని చదరపు సెంటీమీటర్ల వైశాల్యము గల పలుచని పొర కలదు. ఇదియే ఘ్రాణేంద్రియము. ఇందు లక్షలకొలది నాడీకణములు కలవు. వాని కొసలనుండి సన్నని నూలుపోగుల వంటి రోమములు తడిజిగురులోనికి వ్యాపించియుండును. గాలిలో వచ్చిన అణువులు ఆ తడిలో కరగి రోమములపై నున్న గ్రాహకములకు తగులును. ఈ గ్రాహకములను నిర్మించు జన్యువుల కుటుంబమును లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1991లో వెల్లడించిరి. అందులకు 2004లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యునియందు పనిచేయు గ్రాహకజాతులు సుమారు 400. ఒక్కొక్క నాడీకణము సాధారణముగా ఒక్కజాతి గ్రాహకమునే ధరించును. కాని ఒక అణువు అనేక గ్రాహకములను తాకగలదు. ఒక గ్రాహకము అనేక అణువులకు స్పందింపగలదు. ఏబదియారు వర్ణములతో లక్షల మాటలు ఏర్పడునట్లు, ఈ 400 జాతుల కూడికలచేత లెక్కకు మిక్కిలి వాసనలు వేరువేరుగా తెలియును. నాడీతంతువులు జల్లెడవంటి ఎముకను దాటి మెదడు క్రిందిభాగమందలి ఘ్రాణకందమును చేరును. చూపు, వినికిడి వంటి జ్ఞానములు మెదడునందలి థాలమస్ అను కేంద్రమును దాటియే పైపొరను చేరగా, వాసన మాత్రము ఆ త్రోవ త్రొక్కక, భయమునకును, ఇష్టానిష్టములకును, జ్ఞాపకమునకును సంబంధించిన భాగములకు దగ్గరి దారిన పోవును. కావుననే వాసన తెలియుటయు, దానిని మెచ్చుటయో రోయుటయో జరుగుటయు ఒక్క క్షణమున జరిగినట్లు తోచును.

చరిత్రకారుడు గమనింపవలసిన విషయములు ఇందు రెండు గలవు. మొదటిది, సురభి, అసురభి యను భేదము అణువునందే పూర్తిగా లేదు. మల్లెపూవు పరిమళమున నున్న ఇండోల్ అను పదార్థము మలమునందును కలదు. పాలు మారినచో భావము మారును. ఇంగువ ఘాటైన వాసనకు కారణము గంధక సమ్మేళనములు. పప్పుపోపున దానిని ఎరిగినవానికి అది కమ్మదనము, ఎరుగనివానికి కంపు. అలవాటు, పెంపకము, దేశాచారము ముక్కుకు తీర్పు నేర్పును.

రెండవది, ముక్కు మార్పును గుర్తించునే గాని నిలుకడను గుర్తింపదు. ఒకే వాసన ఎడతెగక వచ్చినప్పుడు గ్రాహకములును మెదడును కొలది నిమిషములలోనే దానిని లెక్కనుండి తీసివేయును. అందుచేత ఎవరి యింటి వాసన వారికి తెలియదు. గడపలో అడుగిడిన అతిథికి వెంటనే తెలియును. నివాసి ముక్కు తక్కువ చెప్పును. క్రొత్తవాని ముక్కు ఎక్కువ చెప్పును. వాడలను గూర్చిన నివేదికలు వ్రాసినవారు ఎల్లప్పుడును క్రొత్తవారే. వారు అబద్ధము చెప్పిరనుట తగదు. కాని ముక్కు చెప్పినదానికి వారు చేర్చిన అర్థమునందు పొరపాటు దొర్లినది.

దుర్గంధమే రోగమను సిద్ధాంతము

కుళ్లిన పదార్థములనుండి లేచు విషవాయువులే జ్వరములకును కలరాకును కారణమని పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున యూరోపు వైద్యులు పలువురు నమ్మిరి. ఇంగ్లండున ఆరోగ్యసంస్కర్తగా ప్రసిద్ధుడైన ఎడ్విన్ చాడ్విక్, తీవ్రమైన దుర్గంధ మంతయు రోగమే యను అభిప్రాయమును 1846లో పార్లమెంటు సంఘము ఎదుట వెల్లడించెను. 1854లో జాన్ స్నో లండనునందు కలరా నీటిద్వారా వ్యాపించునని చూపినను పాతనమ్మకము వెంటనే సడలలేదు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరింపరానిదైనప్పుడు, పార్లమెంటు అతిత్వరితముగా మురుగుకాలువల నిర్మాణమునకు అనుమతి నిచ్చెను.

ఈ భావమే ఓడలెక్కి బొంబాయికిని వచ్చెను. నగర పారిశుద్ధ్యమును గూర్చి హెన్రీ కానిబీర్ 1852లోను, డాక్టరు లీత్ 1864లోను నివేదికలు సమర్పించిరి. 1860లో విహార్ చెరువు నీరు, 1892లో తాన్సా నీరు నగరమునకు వచ్చెను. మురుగును పంపులతో ఎత్తి వర్లీవైపు సముద్రమునకు పంపు ఏర్పాటును శతాబ్ది ముగియకముందే జరిగెను. సిద్ధాంతము తప్పైనను ఈ పనులు మేలైనవి. కంపును తొలగింపబోయి మురుగును తాగునీటికి దూరము చేసిరి. కలరాకు నిజమైన దారి ఆ విధముగా కొంత మూసుకొనిపోయెను. కలరా క్రిమిని రాబర్ట్ కాఖ్ 1884లో కలకత్తాయందు చెరువునీటిలో గుర్తించినపిదప దీని కారణము స్పష్టమయ్యెను.

కాని సిద్ధాంతమునకు మరియొక ముఖము గలదు. కంపే రోగమైనచో కంపుగల వాడ రోగమునకు పుట్టినిల్లు కావలెను. అందలి జనులు రోగమును మోయువారు కావలెను. పల్లమును పూడ్చినవారికే పల్లపు కంపు అంటుకొనెను. నేలను గూర్చి చెప్పవలసిన మాట మనుష్యులను గూర్చిన మాటగా మారినది.

1896 నాటి పరీక్ష

ఈ సిద్ధాంతమునకు గట్టి పరీక్ష 1896లో వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో మాండ్వీ పేటయందు డాక్టరు ఆకాసియో గాబ్రియేల్ వీగాస్ గడ్డల ప్లేగును గుర్తించెను. నగరపాలకులు ముక్కు చెప్పినట్లు యుద్ధము చేసిరి. మురుగుకాలువలను సముద్రజలముతో కడిగిరి. కార్బాలిక్ ఆమ్లమును వీధులందును ఇండ్లయందును కుమ్మరించిరి. గోడలకు సున్నము కొట్టించిరి. వెలుతురు, గాలి వచ్చుటకై పైకప్పు పెంకులు తీయించిరి. మనుష్యనివాసమునకు తగదను గుర్తును అనేక గృహములపై వ్రాయించిరి. రోగులను బలవంతముగా ఆసుపత్రులకు చేర్చుటచే జనులు భీతిల్లిరి. ఆ అక్టోబరులోనే మిల్లుకార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేసిరి. లక్షలమంది నగరమును విడిచిపోయిరి. 1891 జనాభాలెక్కలలో 8,21,764గా నున్న నగర జనసంఖ్య 1901లో 7,76,006కు దిగెను.

ఇంత జేసినను మహామారి ఆగలేదు. ఏలయనగా దాని దారి ముక్కునకు తెలియునది కాదు. ప్లేగు క్రిమిని 1894లోనే అలెగ్జాండర్ యెర్సిన్ హాంగ్‌కాంగునందు కనుగొనెను. ఎలుకల వెండ్రుకలలో దాగి రక్తము పీల్చు, రెక్కలు లేని చిన్న కీటకము ఆ క్రిమిని మోయుచున్నదని 1898లో పాల్ లూయీ సిమోన్ కరాచీలో ప్రయోగపూర్వకముగా చూపెను. 1905 మొదలు బొంబాయి పరేలునందు జరిగిన విస్తృత పరిశోధనలు దానిని స్థిరపరచెను. ఆ కీటకమునకు మనుష్యుడు పసికట్టగల వాసన లేదు. ఆ క్రిమికిని లేదు. కార్బాలిక్ వాసనతో ఘుమఘుమలాడు గదిలోనైనను ఎలుక చచ్చినచో కీటకము మనుష్యునిమీదికి దుముకును.

ఒక్క విషయమున మాత్రము ముక్కు నిజము చెప్పెను. మనుష్యులకు ప్లేగు సోకుటకు ముందు ఎలుకలు రాలుచుండెను. గోడసందున చచ్చిన ఎలుక కంపు ప్రమాదమునకు సూచన. అది రోగము కాదు, రోగము రానున్నదను వార్త. ఎలుకలు రాలిన ఇల్లు విడిచిపోవు అలవాటు మన దేశమున పలుచోట్ల ఉండెను. ఆ సామాన్యజనుల ఆచారమున కంపు సంకేతముగా నుండగా, పాలకుల సిద్ధాంతమున అది కారణముగా నుండెను. రెంటికిని గల అంతరము ప్రాణములకు సంబంధించినది.

నిజమైన రక్షణమార్గములలో ఒకటి నాగ్‌పాడాకు సమీపముననే సిద్ధమయ్యెను. బైకలాయందలి గ్రాంట్ వైద్యకళాశాలలో వాల్డెమార్ హాఫ్కిన్ ప్లేగుటీకాను తయారుచేసి 1897 జనవరి 10వ తేదీన తన శరీరమునందే మొదట వేయించుకొనెను. ఆ నెలలోనే బైకలా కారాగారమున ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు దానిని వేసిరి.

గాలికొరకు వేసిన వీధులు

ప్లేగు వెంబడి 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. ట్రస్టు చేపట్టిన తొలి పథకము నాగ్‌పాడాదే. ఇరుకిండ్లను పడగొట్టి వీధులు వెడల్పు చేయుట దాని పద్ధతి. పడమటి సముద్రపుగాలి ఇరుకుపేటల నడుమకు రావలెనను తలంపుతో ప్రిన్సెస్ స్ట్రీటు, శాండ్‌హర్స్ట్ రోడ్డు వంటి రాచబాటలను నిర్మించిరి. కారణము దుర్వాయువేయను భావము ఇంకను బలముగా నుండుటచేత మందును గాలియే అయ్యెను.

వెలుతురును గాలియు మంచివే. క్షయవంటి వ్యాధుల విషయమున ఇరుకు తగ్గుట మిక్కిలి మేలు. కాని పడగొట్టినన్ని ఇండ్లు వెంటనే లేవలేదు. ఇల్లు పోయిన కూలివాడు పనికి దూరముగా పోజాలక ప్రక్కవాడలోనే మరియొక ఇరుకుగదిని వెదకికొనెను. ఇరుకు ఒకచోట తగ్గి మరియొకచోట పెరిగెను. 1933లో ట్రస్టు నగరపాలకసంస్థలో విలీనమయ్యెను.

చాళ్లలోని వాసనలు

క్రొత్తవారి ముక్కు ఒక్క కంపుగా గ్రహించిన చోట నివాసుల ముక్కు ఎన్నింటినో వేరుచేసి ఎరుగును. పురుషులు కట్టడపుపనులకును బట్టల మిల్లులకును పోగా, కామాటిపుర తెలుగుస్త్రీలు పలువురు ఇంటనుండి బీడీలు చుట్టి సంసారము నడిపిరి. తడిపిన తునికాకు వాసన వేరు, ఎండుపొగాకు ఘాటు వేరు. ఈ భేదము మాటలలోనే కాదు, నాడులలోను కలదు. ఆకువాసనను ఘ్రాణనాడి తెలుపును. పొగాకు నలిపినప్పుడు తుమ్ము పుట్టించు ఘాటును, పోపులో మాడిన ఎండుమిరప ఘాటును ముఖమునందలి స్పర్శను, నొప్పిని తెలుపు వేరొక నాడి తెలుపును. తెలుగున వాసన, ఘాటు అను రెండు మాటలు వేరుగా నుండుట శాస్త్రమునకు సరిపోవుచున్నది.

భోజనరుచిలోను అధికభాగము వాసనయే. నాలుకకు పులుపు, తీపి, ఉప్పు, చేదు మొదలగు కొన్నియే తెలియును. నమలునప్పుడు గొంతు వెనుకనుండి ముక్కులోనికెక్కు ఆవిరి మిగిలినదంతయు తెలుపును. పుంటికూరకును చింతపండునకును పులుపు సామాన్యమే. పుంటికూరను పుంటికూరగా తెలిపెడిది దాని వాసన. పడిశము పట్టినవానికి కూర చప్పగా తోచుటకు కారణమిదియే. బాల్యమున పరిచయమైన వాసనలు జ్ఞాపకమున గట్టిగా నాటుకొనునని పరిశోధకులు చెప్పుచున్నారు. వలసవచ్చినవాడు భాషను పిల్లలకు నేర్పజాలకపోయినను, వంటయింటి వాసనను నేర్పగలుగుచున్నాడు. వాసన యను మాటకు గల రెండర్థములు ఇచట ఒకటియగును.

ముక్కు మౌనము వహించు తావులు

దుర్గంధమును రోగమనుట ఎంత పొరపాటో, దుర్గంధము లేనిచోట భయము లేదనుటయు అంతే పొరపాటు. పైన చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడును, గాలిలో నూరుకోట్ల భాగములకు కొలది భాగములున్నను ముక్కు పసికట్టును. కాని పదిలక్షల భాగములకు నూరు భాగముల ప్రాంతమునకు చేరినప్పుడు ఆ వాయువు ముక్కునే మొద్దుబార్చును. కంపు పోయినదని తోచును. అప్పుడే ప్రాణాపాయము సమీపించును. మురుగుగోతులలో దిగు కార్మికులు ఈ విధముగా మరణించుచున్నారు. రక్షణసాధనములు లేక మనుష్యుని మురుగుకాలువలో దింపరాదని 2013లో చట్టము వచ్చినను ఇట్టి మరణములు ఆగలేదు. నగరపు కంపును తమ దేహములతో తొలగించువారికి ముక్కు కాపుదల కాజాలదు, యంత్రమే కావలెను.

2020లో వ్యాపించిన కోవిడ్ వ్యాధి మరియొక పాఠము నేర్పినది. రోగులలో అనేకులకు హఠాత్తుగా వాసన తెలియకపోయెను. వైరసు ముఖ్యముగా ఘ్రాణనాడీకణములకు ఆసరాగా నుండు కణములను పట్టి పీడించుటయే దానికి కారణమని పరిశోధకులు తేల్చిరి. ఘ్రాణనాడీకణములు జీవితమంతయు మరల మరల పుట్టుచుండుటచే పలువురికి క్రమముగా వాసన తిరిగివచ్చెను. 1896లో వాసన తెలియుటయే రోగమనుకొనిరి. 2020లో వాసన తెలియకపోవుట రోగచిహ్నమయ్యెను.

ఉపసంహారము

ముక్కు మంచి సాక్షి, కాని న్యాయాధిపతి కాదు. ఏదో ద్రవ్యము గాలిలో నున్నదని అది చెప్పగలదు. ఆ ద్రవ్యము ఎక్కడిదో, దానికి బాధ్యులెవరో చెప్పజాలదు. కామాటిపుర విషయమున పందొమ్మిదవ శతాబ్ది సాక్షినే న్యాయాధిపతిగా కూర్చుండబెట్టెను. సముద్రమట్టము, మురుగు పారుదల, నగరము పారబోసిన చెత్త చేసిన నేరమునకు, ఆ పల్లమున తట్టలతో మట్టిమోసిన తెలుగుకూలీలు అపఖ్యాతి పొందిరి. అటుపిమ్మట వేశ్యావాటికగా ఆ వాడకు వచ్చిన పేరు కామాటుల శ్రమచరిత్రను మరింత మరుగుపరచినది.

నేడు ఆ పాతగల్లీల పునర్నిర్మాణమును గూర్చి యోచనలు సాగుచున్నవి. శిథిలమైన ఇండ్లకు బదులు మంచి ఇండ్లు రావలసినదే. కాని మురికివాడ యను మాటను ప్రయోగించునప్పుడు, మురికి నేలదా, నీటిదా, నగరముదా యని మొదట విచారింపవలెను. ట్రస్టు నాటి లోపము మరల జరుగకుండుటకు, పడగొట్టు ఇంటికి ముందుగా అందలివారికి నిలువనీడ చూపవలెను. కామాటిపుర యను పేరు ఒక కంపునకు గాని, ఒక వృత్తికి గాని గుర్తు కాదు. సముద్రము వదలిన నేలను నగరముగా మార్చిన కామాటులకు అది గుర్తు.